14 ఏళ్ల గీజర్ మార్చాం, కరెంటు బిల్లు మాత్రం దాదాపు అక్కడే ఉంది

ఇక్కడ మనం మామూలుగా ఫోన్ల గురించీ, ఇయర్‌బడ్స్ గురించీ కొట్టుకుంటాం. ఈసారి బాత్‌రూమ్ గోడకి వేలాడే తెల్ల డబ్బా గురించి రాస్తున్నా. ఎందుకంటే ఒక గ్యాడ్జెట్ విషయంలో నేను ఇంత కాన్ఫిడెంట్‌గా తప్పు చెప్పింది ఎప్పుడూ లేదు, అదీ ఇంట్లో వాళ్లకి.

మాది హన్మకొండ. నేను హైదరాబాద్‌లో జాబ్, ఇంట్లో అమ్మా నాన్నా ఇద్దరే. బాత్‌రూమ్‌లో 2011లో కొన్న 25 లీటర్ల గీజర్. అమ్మ దాన్ని ఇప్పటికీ బాయిలర్ అనే అంటుంది. అమ్మమ్మ వాళ్లింట్లో కట్టెలు పెట్టి కాచే రాగి బాయిలర్ ఉండేది, ఆ పేరే దీనికీ అంటుకుపోయింది. మొన్న దీపావళికి ఇంటికెళ్తే నాన్న మొదలుపెట్టారు. "ఈ పాత గీజర్ కరెంటు బాగ తాగుతుందిరా. ఫైవ్ స్టార్‌ది కొత్తది తెద్దాం. నువ్వు ఫోన్ల గురించి అందరికి చెప్తవు కదా, ఇది కూడ చూడు."

అడిగింది రివ్యూ. నాకు అంతకంటే ఏం కావాలి! వెళ్లేటప్పుడే 16 ఆంప్స్ స్మార్ట్ ప్లగ్ ఒకటి తీసుకెళ్లా, ఎనర్జీ మానిటరింగ్ ఉన్నది. (ఒక ముక్క ఇక్కడే చెప్పేస్తా. 2000 వాట్ల గీజర్ దాదాపు 8.7 ఆంప్స్ లాగుతుంది. దీపాలకీ, ఫ్యాన్లకీ వాడే చిన్న స్మార్ట్ ప్లగ్‌ని దీనికి పెట్టొద్దు. కరిగిపోతుంది.) ప్లగ్ పెట్టి, యాప్ నా ఫోన్‌లో కనెక్ట్ చేసుకుని హైదరాబాద్ వచ్చేశా. నవంబర్ అంతా గచ్చిబౌలిలో కూర్చుని మా ఇంటి గీజర్ గ్రాఫ్ చూస్తూ ఉన్నా. పొద్దున 6:10కి అమ్మ స్విచ్ వేస్తుంది, 6:50కి ఆపేస్తుంది. ప్రొడక్షన్ సర్వర్‌కి కూడా ఇంత రెగ్యులర్ షెడ్యూల్ ఉండదు.

చలి పెరిగాక యావరేజ్ తీస్తే రోజుకి 1.4 యూనిట్లు.

ఇది ఎక్కువా తక్కువా? ఇక్కడ ఎనిమిదో తరగతి ఫిజిక్స్ చాలు. ఒక యూనిట్ కరెంటుతో 860 లీటర్ల నీళ్లని ఒక డిగ్రీ వేడి చేయొచ్చు. అంటే లీటర్లని ఎన్ని డిగ్రీలు పెంచాలో దానితో గుణించి 860తో భాగిస్తే యూనిట్లు వచ్చేస్తాయి. పొద్దున పైన ట్యాంకు నీళ్లు 21 డిగ్రీలు ఉన్నాయి, స్నానానికి 42 కావాలి, బకెట్ 18 లీటర్లు అనుకుందాం. 18 ఇంటూ 21 బై 860. సుమారు 0.44 యూనిట్. ఇద్దరికి 0.88. ప్రపంచంలో ఎంత ఖరీదైన ఎలక్ట్రిక్ గీజర్ కొన్నా, కాయిల్‌తో కాచేదైతే ఆ 0.88 కంటే కిందికి పోదు. పోలేదు.

నాన్న నమ్మిందీ, బహుశా మీ ఇంట్లో కూడా నమ్మేదీ ఏంటంటే పాతబడితే గీజర్ ఎక్కువ కరెంటు తాగుతుందని. కాయిల్ విషయంలో ఇది తప్పు. కాయిల్ నీళ్లలో మునిగి ఉంటుంది, అది లాగిన కరెంటు మొత్తం వేడే అవుతుంది, ఆ వేడి వెళ్లేది నీళ్లలోకే. 2011లోనూ అంతే, ఇప్పుడూ అంతే. బోరు నీళ్ల వల్ల కాయిల్ మీద ఉప్పు పొర కడితే లోపల కాయిల్ ఎక్కువ వేడెక్కి త్వరగా కాలిపోతుంది. కానీ యూనిట్లు పెద్దగా పెరగవు.

మరి స్టార్లు దేనికి? స్టోరేజ్ గీజర్ మీద ఉండే బీఈఈ స్టార్లు చెప్పేది స్టాండింగ్ లాస్ గురించి. అంటే వేడి చేసిన నీళ్లు వాడకుండా అలాగే ఉంచితే, ట్యాంక్ చుట్టూ ఉన్న ఇన్సులేషన్ గుండా 24 గంటల్లో ఎంత వేడి బయటికి పోతుందో అది. ఒక ఆదివారం అమ్మని బతిమాలి మా పాతదాన్ని రోజంతా ఆన్‌లో పెట్టించి నీళ్లు వాడకుండా చూశా. మొదటిసారి కాగడానికి పట్టింది తీసేస్తే 1.7 యూనిట్లు ఊరికే పోయాయి. ఇది నిజంగా చెత్త నంబర్. కానీ రోజుకి 40 నిమిషాలు మాత్రమే స్విచ్ వేసే ఇంట్లో ఈ నంబర్‌తో పనేంటి? మా హైదరాబాద్ ఫ్లాట్‌లో అయితే ఉంది. నలుగురం, గీజర్ స్విచ్ ఎవడు వేశాడో తెలీదు, ఎవడూ ఆపడు. ఫైవ్ స్టార్ కావాల్సింది మా ఫ్లాట్‌కి, అమ్మకి కాదు. అమ్మ వేలే ఫైవ్ స్టార్.

మా ఇంట్లో అసలు వేస్ట్ ఇంకో చోట ఉంది. 25 లీటర్లు పూర్తిగా 65 డిగ్రీలకి కాగుతున్నాయి, ఇద్దరికీ కలిపి ఆ వేడి నీళ్లు 17 లీటర్లు చాలు (మిగతాది చల్లనీళ్లు కలుపుకుంటాం కదా). మిగిలిన 8 లీటర్లు మధ్యాహ్నానికి చల్లారిపోతాయి. అక్కడ 0.4 యూనిట్ పోతోంది. ఇద్దరున్న ఇంటికి సైజు పెద్దది, టెంపరేచర్ ఎక్కువ. థర్మోస్టాట్‌ని 65 నుంచి 55కి తగ్గిస్తే ఫ్రీగా రోజుకి 0.3 యూనిట్ మిగులుతుంది.

ఇంకో మెలిక కరెంటు బిల్లుది. మనం యూనిట్ రేటు అనగానే ఎండాకాలం బిల్లు చూసి 7 రూపాయల 70 పైసలు వేసేస్తాం. తెలంగాణలో అది నెలకి 200 యూనిట్లు దాటాక వచ్చే రేటు. గీజర్ నడిచేది ఏసీ నడవని నెలల్లో. అప్పుడు మా బిల్లు 200 లోపే ఉంటుంది, పై యూనిట్లకి పడేది 4 రూపాయల 80 పైసలే. గృహజ్యోతి జీరో బిల్లు వచ్చే ఇళ్లలో లెక్క మళ్లీ వేరు. 195 దగ్గర ఉన్నవాళ్లకి గీజర్ వల్ల ఇంకో 10 యూనిట్లు పెరిగితే బిల్లు మొత్తం కట్టాలి, వెయ్యి రూపాయల పైమాటే. అలాంటి ఇంట్లో 0.3 యూనిట్ కూడా చిన్నది కాదు. మాకు జీరో బిల్లు లేదు.

మా టీమ్ లీడ్ యూకేలో ఉంటాడు. కాల్‌లో ఈ సంగతి చెప్తే, మా ఇంట్లోనూ అదే గొడవ అన్నాడు. అక్కడ బాయిలర్ అంటే గ్యాస్ మండించి నీళ్లు కాచి, ఇంట్లో ప్రతి గదిలో ఉండే రేడియేటర్లకి పంపించే మెషీన్. చలికాలం ఇల్లంతా దాని మీదే బతుకుతుంది. పాత బాయిలర్లలో గ్యాస్ వేడిలో 70 శాతం మాత్రమే ఇంటికి వస్తే, మిగతాది పొగగొట్టం గుండా బయటికి పోతుంది. ఇప్పటి కండెన్సింగ్ బాయిలర్లు 90 దాకా తెస్తాయి. అంటే అక్కడ పాతది నిజంగానే ఎక్కువ తాగుతుంది. సరే అని ఇద్దరం కలిసి లెక్కేశాం. ఏడాదికి 11,500 యూనిట్ల గ్యాస్ వాడే ఇల్లు అయితే 70 నుంచి 90కి మారితే సుమారు 2,550 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 6 పెన్నీల లెక్కన 153 పౌండ్లు. అతనికి వచ్చిన కొటేషన్ 2,800 పౌండ్లు. 18 ఏళ్లు! 70 శాతం ఎఫిషియెన్సీ ఉన్న మెషీన్ మారిస్తేనే 18 ఏళ్లు పడితే, మనది ఎంత? (అక్కడ హీట్ పంప్ పెట్టుకుంటే ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రభుత్వం 7,500 పౌండ్ల గ్రాంట్ ఇస్తుంది. అతను దాని మీద ఇంకా తిరుగుతున్నాడు, ఆ కథ వేరు.)

మొత్తానికి షీట్ రెడీ. రంగులు వేసి, గ్రాఫ్ పెట్టి, నాన్నకి వాట్సాప్ చేశా. కింద ఒక లైన్: "మార్చాల్సిన పని లేదు. థర్మోస్టాట్ తగ్గిస్తే చాలు." నాన్న ఒక బొటనవేలు ఎమోజీ పెట్టారు. పెద్ద పని చేసినట్టు ఫీలయ్యా.

డిసెంబర్ రెండో వారం, మంగళవారం పొద్దున ఏడింటికి ఫోన్. నాన్న గొంతు మామూలుగా లేదు. "అమ్మకి నల్లా పట్టుకుంటే షాక్ కొట్టిందిరా. కింద పడ్డది. ఇప్పుడు మంచిగనే ఉంది, భయపడకు."

మోచేతికి దెబ్బ, అంతే. తడి నేల, చేతిలో స్టీల్ చెంబు, ఇత్తడి నల్లా. అంతే అని రాస్తున్నా గానీ ఆ రోజు బస్సులో ఉప్పల్ నుంచి హన్మకొండ దాకా ఏం ఆలోచించానో ఇక్కడ రాయలేను. తర్వాత తెలిసిందేంటంటే, వారం ముందు నుంచే నల్లా ముట్టుకుంటే కొద్దిగా జిల్లుమంటోందట. "చలికి అట్ల అనిపిస్తుందేమో అనుకున్న" అంది అమ్మ. పైగా, "నువ్వు మంచిగ ఉంది అన్నవు కదా."

ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి సాకెట్ విప్పాడు. ఎర్త్ వైరు స్క్రూ దగ్గర తుప్పు పట్టి తెగిపోయి ఉంది. ఎన్నేళ్ల నుంచో ఎవరికీ తెలీదు. ఎర్త్ లేకపోయినా గీజర్ నడుస్తుంది, నీళ్లు కాగుతాయి, యాప్‌లో గ్రాఫ్ అందంగా వస్తుంది. స్మార్ట్ ప్లగ్ యూనిట్లు లెక్కపెడుతుంది, లీకేజీని చూడదు. తర్వాత గీజర్ దించి కింద ప్లేటు ఊడదీస్తే రెండు చేతుల నిండా సున్నం గడ్డలు వచ్చాయి. కాయిల్ మీద పైతొడుగు పగిలి ఉంది. కరెంటు నీళ్లలోకి వస్తోంది, పోవడానికి ఎర్త్ లేదు, అమ్మ చేయి దొరికింది.

ట్యాంక్ లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, యానోడ్ రాడ్ అంటారు. నీళ్లు ట్యాంక్ ఇనుమును తినకుండా ముందు తాను కరిగిపోతుంది. అదే దాని ఉద్యోగం. మా బోరు నీళ్లలాంటి వాటిలో రెండు మూడేళ్లకోసారి చూసి మార్చాలి. 14 ఏళ్లలో మేం ఒక్కసారి కూడా మార్చలేదు, అలాంటిది ఒకటుందని నాకే తెలీదు. దాని ప్లేస్‌లో సన్నటి తీగ ముక్క మిగిలింది. ప్రెషర్ ఎక్కువైతే నీళ్లు బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్ కూడా బిగుసుకుపోయి ఉంది. దాన్ని చూపించి అన్న ఒక మాట అన్నాడు. "థర్మోస్టాట్ గిన పోతే ఇది బాంబే తమ్మీ."

కాయిల్, థర్మోస్టాట్ మారిస్తే 1,800 అవుతుందన్నాడు. నాన్న అప్పుడూ ఒక్క నిమిషం ఆలోచించారు, నిజం చెప్పాలి. కానీ ట్యాంక్ కింద కుట్టు దగ్గర తుప్పు. దానికి రిపేర్ లేదు.

కొత్తది 15 లీటర్లది తీసుకున్నాం, 7,400. ఇద్దరికి మధ్యలో పది నిమిషాలు గ్యాప్ ఇస్తే సరిపోతోంది. నేనూ చెల్లీ వెళ్లినప్పుడు ఇంకాస్త వెయిటింగ్, బతికే ఉన్నాం. ఫిట్టింగ్, కనెక్షన్ పైపులు 900. పైపులు డబ్బాలో రావు, ఫిట్ చేయడానికి వచ్చినప్పుడు విడిగా అమ్ముతారు, ముందే అడగండి. ఇంకో 3,600 ఏ రివ్యూలోనూ కనిపించని ఖర్చు. కొత్త ఎర్త్ వైరు లాగడం, మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టడం. మొత్తం 11,900.

ఆర్‌సీసీబీ గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. మన ఇళ్లలో ఉండే ఎంసీబీ వైర్లని కాపాడుతుంది, మనుషుల్ని కాదు. 16 ఆంప్స్ ఎంసీబీ ట్రిప్ అవ్వాలంటే 16 ఆంప్స్ దాటాలి. మనిషి ప్రాణం పోవడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. ఆర్‌సీసీబీ ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా అని చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంప్స్ తేడా వస్తే, అంటే ఎక్కడో ఎవరి ఒంట్లోంచో పోతుంటే, సెకనులో చిన్న ముక్కలో ఆఫ్ చేస్తుంది. దాని మీద ఒక టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడాలి. మా ఇల్లు 2008లో కట్టింది, అప్పట్లో పెట్టలేదు. మీ ఇంటి బోర్డు ఒకసారి చూడండి, ఆ టెస్ట్ బటన్ ఉన్న స్విచ్ లేకపోతే మీదీ మా కేసే.

ఇప్పుడు నా షీట్ సంగతి. కొత్త గీజర్ జనవరిలో రోజుకి 1.0 యూనిట్ వాడింది. పాతదాని మీద 0.4 మిగులు. ఏడాదిలో 200 రోజులు వాడితే 80 యూనిట్లు, 4.80 చొప్పున 384 రూపాయలు. పెట్టిన 11,900 తిరిగి రావాలంటే 31 ఏళ్లు. అంటే లెక్క ప్రకారం నేను నవంబర్‌లో చెప్పింది కరెక్టే. ఒక్క అంకె కూడా తప్పు లేదు. అదే నాకు చిరాకు. తప్పు అంకెల్లో ఉంటే సరిచేసుకోవచ్చు, నేను ఎంచుకున్న కాలమ్స్‌లోనే ఉంది. యూనిట్లు ఉన్నాయి, రూపాయలు ఉన్నాయి, ఎర్తింగ్ అనే కాలమ్ లేదు. యాప్‌లో వచ్చేదాన్నే కొలిచా, రానిది చూడలేదు.

ఈ విషయంలో రివ్యూలు రాసే మనందరి మీదా నాకు కంప్లయింట్ ఉంది, నాతో కలిపి. గీజర్ రివ్యూ అంటే ఇప్పుడు వైఫై ఉందా, వాయిస్ కంట్రోల్ ఉందా, డిస్‌ప్లే ఏ రంగు. వైఫై ఉన్న మోడల్‌కి నాకు షాపులో 3,500 ఎక్కువ చెప్పారు. ఆ డబ్బుకి ఆర్‌సీసీబీ, ఎర్త్ వైరు రెండూ వచ్చేస్తాయి, వచ్చాయి కూడా. షెడ్యూల్ కావాలంటే 16 ఆంప్స్ స్మార్ట్ ప్లగ్ అందులో సగం ధర కూడా లేదు. అలెక్సాకి చెప్పొచ్చు అని అమ్మకి చూపిస్తే, "దాన్ని పిలిచేలోపు నేనే పోయి స్విచ్ వేస్త" అంది. మేం చెప్పాల్సింది యానోడ్ రాడ్ విప్పడం ఎంత కష్టం, విడిగా దొరుకుతుందా, వాల్వ్ డబ్బాలో వస్తుందా, ట్యాంక్ వారంటీలో బోరు నీళ్లకి మినహాయింపు పెట్టారా. ఇవి ఏ అన్‌బాక్సింగ్‌లోనూ నేను చూడలేదు.

సోలార్ ఎందుకు పెట్టలేదు అని అడుగుతారు. మా బాత్‌రూమ్ గ్రౌండ్ ఫ్లోర్‌లో వెనకాల ఉంది, సోలార్ మిద్దె మీద. పైపులో ఉన్న చల్లనీళ్లు ఒక బకెట్ పారబోస్తే గానీ వేడినీళ్లు రావు. ఇద్దరికి రెండు బకెట్ల కోసం ఒక బకెట్ పారబోయడమా? నలుగురైదుగురు ఉండి బాత్‌రూమ్ పైఅంతస్తులో ఉంటే కచ్చితంగా చూడండి. హీట్ పంప్ గీజర్ టెక్నాలజీగా నాకు చాలా ఇష్టం, ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడి తెస్తుంది, ఆ 0.88ని కిందికి దించగలిగేది అదొక్కటే. కానీ మా ఇంటి మొత్తం గీజర్ కరెంటే ఏడాదికి వెయ్యి రూపాయలు దాటదు, దానికి అంత మెషీన్ ఎందుకు? గ్యాస్ గీజర్ మాత్రం గాలి ఆడని బాత్‌రూమ్‌లో అస్సలు వద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

నిజంగా కరెంటు తగ్గాలంటే నాకో ఉచిత సలహా ఉంది, కానీ ఎవరికీ నచ్చదు. షవర్. నిమిషానికి 8 లీటర్ల షవర్ కింద 8 నిమిషాలు నిలబడితే 64 లీటర్లు, 1.56 యూనిట్లు. బకెట్ స్నానానికి మూడున్నర రెట్లు. హైదరాబాద్‌లో నేను ఒక్కడినే షవర్ కింద పాడుకుంటూ వాడే కరెంటుతో హన్మకొండలో అమ్మా నాన్నా ఇద్దరూ స్నానం చేస్తున్నారు, పాత గీజర్‌తో కూడా. ఇది తెలిశాక కూడా నేను షవరే వాడుతున్నా.

సంక్రాంతి తర్వాత ఒకరోజు పొద్దున నాన్న ఫోన్. ఇంట్లో కరెంటు పోయిందట, పక్కింట్లో ఉందట. "నువ్వు పెట్టించిన డబ్బా ఊకె పడిపోతుంది. తీసేయించాలె." గీజర్ ప్లగ్ తీసి చూడమన్నా. పడిపోయింది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఒక్కొక్కటే తీయించా. చివరికి బోరు మోటార్ స్విచ్ వేసినప్పుడే పడుతోందని తేలింది. వైండింగ్‌లోకి తేమ పోయి బాడీకి లీకవుతోంది. ఆ మోటార్ పక్కనే వంగి అమ్మ రోజూ మొక్కలకి పైపు పెడుతుంది.

మోటార్ రిపేరుకి 1,400 అయింది. దాన్ని గీజర్ ఖర్చులో రాయాలా వద్దా అని నాన్నకీ నాకూ ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి షీట్‌లో కొత్త కాలమ్ పెట్టి అందులో వేశా.